బేసిన్ పిల్లల కాగితాలు

అకోర్ఫా నీళ్లలో మునిగితే గట్టున కూర్చున్న ఆడవాళ్లు మొక్కజొన్న కంకి ఒకటి చేతిలోకి తీసుకుని ఒలవడం మొదలుపెట్టేవారు. కంకి పూర్తికాకముందే ఆమె తల పైకి తేలిందంటే ఆ రోజు ఆమెకు ఒంట్లో నలతగా ఉందని అర్థం. వోల్టా నది అడుగున ఇసుకలో పూడుకుని ఉండే, ఆల్చిప్పల్లాంటి తినే గుల్లలను వేళ్లతో తడిమి తీయడం దావికోపేలో ఆడవాళ్ల పని. అకోర్ఫా దాన్ని పన్నెండో ఏట నేర్చుకుంది. బడిలో సైన్సు మాస్టారు నల్లబల్ల మీద ఊపిరితిత్తులు గీస్తుంటే, "సార్, నావి ఇంకొంచెం పెద్దగా గియ్యండి" అని క్లాసంతా నవ్వించిన పిల్ల ఆమె. తొమ్మిదో తరగతి దాకా చదివింది. అక్షరాలు గుండ్రంగా, గుల్లలు పేర్చినట్టు ఉండేవి. ఊళ్లో ఎవరికి ఏ కాగితం నింపాలన్నా ఆమె గుమ్మమే తొక్కేవారు.

పెళ్లయి అబ్లా ఇంటికి కోడలిగా వచ్చాక ఆమెకు నది అడుగున మూడు మడులు దక్కాయి. పెద్ద గుల్లలు అమ్మకానికి, చిన్నవి తిరిగి తన మడిలో నాటడానికి. మడికి నాలుగు మూలలా పాతిన కర్రలే హద్దులు. భర్త ఎదూజీ పడవల మోటార్లు బాగుచేసేవాడు. మాట కంటే పానా ఎక్కువగా వాడే మనిషి. ఇంట్లోనూ నదిలోనూ మాట చెల్లేది అబ్లాది. అరవై దాటినా ఆమె ఇంకా మునిగేది. మునిగే ఆడవాళ్లకు ఆమే పెద్ద.

ఆ ఊళ్లో చంటిపిల్లల తల్లులు పాటించే పద్ధతి ఒకటుంది. పిల్లల్ని నదిలోకి దింపకూడదు. తల్లి నీళ్లలో ఉన్నంతసేపూ బిడ్డ గట్టు మీద ఒక పెద్ద పింగాణీ బేసిన్‌లో కూర్చోవాలి. అందులో బొడ్డు దాకా నీళ్లు పోస్తారు. ఎండ తెలియదు, పాకి పోవాలని అనిపించదు, చిన్న సొరకాయ బుర్రతో నీళ్లు ముంచి పోసుకుంటూ పిల్ల రెండు గంటలు హాయిగా ఆడుకుంటుంది. ఈ పద్ధతి పెట్టింది అబ్లాయే. ముప్పై ఏళ్ల కిందట ఆమె రెండో కొడుకు, నిండా రెండేళ్లు లేనివాడు, ఆమె మునిగి లేచేలోగా నదిలో పడి చనిపోయాడు. ఆ నెలలోనే ఆమె బేసిన్ కొంది. మిగతా ఆడవాళ్ల చేతా కొనిపించింది. అప్పట్నుంచి దావికోపేలో ఒక్క బిడ్డా మునగలేదు. పక్క ఊళ్లవాళ్లు కూడా బేసిన్ పిల్లలంటే దావికోపే పిల్లలే అనేవారు.

అకోర్ఫా కూతురు సెనా కూడా బేసిన్ పిల్లే. మూడో ఏడు నిండిన వానల్లో ఆ పిల్ల మందగించింది. తింటే ఒంటపట్టడం లేదు. నాలుగడుగులు వేసి నడవలేక ఎత్తుకోమంటుంది. ఒంటేలుకు కూర్చుంటే మోకాళ్లు రెండూ దగ్గరికి నొక్కుకుని ఏడుస్తుంది. ఒకసారి, ఒకే ఒక్కసారి, గుడ్డ మీద చివరి చుక్క గులాబి రంగులో కనిపించినట్టు తోచింది అకోర్ఫాకు. ఎండలోకి తీసుకెళ్లి చూసేసరికి ఏమీ లేదు.

రక్తపు ఒంటేలు సంగతి ఆ నది ఒడ్డున తెలియనివాళ్లు లేరు. ఎగువన ఆనకట్ట కట్టి ప్రవాహం నెమ్మదించాక గట్టున నాచు పెరిగింది, నాచులో నత్తలు పెరిగాయి, నత్తల్లోంచి కంటికి ఆనని పురుగులు నీళ్లలోకి వచ్చి మనిషి చర్మం తొలుచుకుని లోపలికి పోతున్నాయి. బడి గోడ మీద బొమ్మలతో సహా రాసి ఉంది. ఏడాదికోసారి నర్సులు బడికి వచ్చి పిల్లల్ని ఒక కొలకర్ర పక్కన నిలబెట్టి, ఎత్తును బట్టి మాత్రలు ఇస్తారు. ఆ ఏడు అకోర్ఫా సెనాని కూడా తీసుకెళ్లి నిలబెట్టింది. కర్ర మీద మొదటి గీత పిల్ల తలకు జానెడు పైన ఉంది.

"మునివేళ్ల మీద నిలబెట్టినా అందదమ్మా" అంది నర్సు. "ఇంకో రెండేళ్లు ఆగి తీసుకురా."

"రెండేళ్లు జబ్బు ఆగుతుందా?"

"జబ్బని ఎవరు చెప్పారు?"

ఆ మాట తేల్చుకుందామనే ఆమె ఆరోగ్య కేంద్రానికి నడిచింది. అక్కడ పరీక్షలు చేసేది గామెలీ. ఇరవై ఏళ్లుగా ఒకే సూక్ష్మదర్శిని, ఒకే స్టూలు. పిల్ల ఒంటేలును గొట్టంలో పోసి గిర్రున తిప్పి అడుగున పేరుకున్నది గాజుపలక మీద వేసి చాలాసేపు చూశాడు. గుడ్లు లేవన్నాడు. వారం పోయాక మళ్లీ వెళ్లింది. లేవన్నాడు. మూడోసారి వెళ్తే కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మాయీ, ఈ పురుగు గుడ్డుకి ముల్లు ఉంటుంది. నిద్దట్లో లేపి చూపించినా గుర్తుపడతాను. నీ పిల్లకి లేదు. నదిలోకి దింపావా ఎప్పుడైనా?"

"ఒక్కసారి కూడా లేదు."

"మరింకేం. కడుపులో నులిపురుగులేమో, మందిస్తాను. దేవుడి మీద భారం వేసి ఇంటికి వెళ్లు."

ఇంటికి వస్తే అబ్లా వాకిట్లోనే పట్టుకుంది. "లేదన్నాడు కదా. ఊరంతా తిప్పి పిల్లకి లేని జబ్బు తగిలించకు. ఒకవేళ ఉందే అనుకో, అంటే నువ్వు దాన్ని నదిలో దింపావన్నమాట. దింపావా?"

"దింపలేదత్తయ్యా."

"అయితే లేదు. దింపితే ఉంది. రెండిట్లో ఒకటి చెప్పు."

అకోర్ఫా ఏది చెప్పినా తనకే తగిలేటట్టుంది. బిడ్డ కళ్ల ముందే వాడిపోతోంది. జబ్బు లేదంటే మందు లేదు. ఉందంటే తానే నదిలో దింపిన తల్లి. ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే పట్టుదల. ఉందో లేదో తేలాలి, తేల్చేవాళ్లు ఎక్కడున్నా సరే.

తేల్చేవాళ్లు బడికే వచ్చారు. రాజధానిలో ఒక పరిశోధనశాల నుంచి ఎలికెమ్ అనే అమ్మాయి రెండు పెట్టెలతో దిగింది. పెద్ద పిల్లల ఒంటేలును పిచికారీలోకి తీసి, బొటనవేలి గోరంత గుండ్రటి వడపోత కాగితంలోంచి నెట్టి, ఆ కాగితాలను ఆరబెట్టి సంచుల్లో వేస్తోంది. అకోర్ఫా సెనాని వీపున కట్టుకుని వరసలో నిలబడింది.

"అక్కా, ఇది ఆరేళ్ల నుంచి పదిహేనేళ్ల వాళ్లకి" అంది ఎలికెమ్.

"కాగితానికి వయసు తెలుస్తుందా?"

ఎలికెమ్ తల ఎత్తింది. "తెలీదు. నా జాబితాకి తెలుస్తుంది."

"గామెలీ గారు మూడుసార్లు చూశారు. గుడ్డు లేదన్నారు. మీ కాగితంలో గుడ్డు కనిపిస్తుందా?"

"నాకు గుడ్డు అక్కర్లేదక్కా. పెద్దాయన అబద్ధం చెప్పలేదు. జబ్బు కొత్తదైతే, పురుగులు కొద్దిగా ఉంటే, గుడ్లు ఒకరోజు పడతాయి, నాలుగు రోజులు పడవు. కానీ పురుగు ఒంట్లో ఉన్నంతకాలం దాని పొట్టు, దాని తునకలు ఒంటేల్లోకి వస్తూనే ఉంటాయి. ప్రతి తునకలోనూ దాని పుట్టుక రాత ఉంటుంది. ఒక్క తునక కాగితానికి అంటుకుంటే చాలు, మా మిషన్‌లో పెట్టి ఆ రాతను కోటి నకళ్లు తీస్తాం. అప్పుడు కనపడక చస్తుందా?" ఒక్క క్షణం ఆలోచించి మళ్లీ అంది. "ఎండుచేపలు వండిన ఇంటికి వెళ్తే చేప కనపడాలా, వాసన చాలదా?"

వరసలో వెనక నిల్చున్న ఆడవాళ్లు నవ్వారు. అకోర్ఫా నవ్వలేదు. "అయితే నా బిడ్డది వాసన చూడండి" అంది.

ఒక్క పిల్ల కోసం జాబితా మార్చడం కుదరదని ఎలికెమ్ చెప్పింది. కానీ కుదరదన్న మనిషే సాయంత్రం పెట్టెలు సర్దుతూ, మెట్ల మీద కదలకుండా కూర్చున్న తల్లీకూతుళ్లను చూసి ఆగింది. జోళ్లు వేసుకోని ఆ పిల్ల ఒంటేలుకు కూర్చుని మోకాళ్లు నొక్కుకోవడం కూడా చూసింది. ఆ రాత్రి తన పెద్దవాళ్లతో ఫోన్‌లో మాట్లాడి, మర్నాడు పొద్దున్నే అకోర్ఫా ఇంటికి వచ్చింది. నలభై కాగితాలు, అంతకు కాస్త ఎక్కువగానే పిచికారీలూ మూతల గిన్నెలూ, ఒక పెట్టె చేతితొడుగులు వాకిట్లో పెట్టింది.

"ఒక్కరిది చూస్తే అది మీ పాప జబ్బు మాత్రమే. నలభై మందిది చూస్తే ఊరి సంగతి తెలుస్తుంది. అయిదేళ్ల లోపు పిల్లలవి తేగలరా? తల్లులందరి చేతా ఒప్పుకుంటున్నామని వేలిముద్ర వేయించాలి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. గిన్నెకి గానీ కాగితానికి గానీ నదినీళ్లు తగలకూడదు. నదిలో ఆ పురుగు పిల్లలుంటాయి. ఒక్క చుక్క తగిలినా కాగితం అబద్ధం చెబుతుంది."

"నేర్పించండి" అంది అకోర్ఫా.

అలా నది అడుగున గుల్లలేరే మనిషి గట్టు మీద ఒంటేళ్లు ఏరడం మొదలుపెట్టింది. ఊరు ఊరుకుంటుందా? "ఇదిగో వచ్చింది ఉచ్చల మేడమ్" అన్నారు. "అకోర్ఫా, కేజీ ఎంతకి కొంటున్నావే?" అని ఒకామె, "మా ఆయనది పొద్దున కుండెడు ఉంది, పట్టుకుపో" అని ఇంకొకామె. ఆమె కూడా తక్కువ తినలేదు. "మీ ఆయనది కాగితంలోంచి దిగదు వదినా, నిన్న రాత్రి తాగిన సారా అంతా అందులోనే ఉంటుంది" అంది. ఆ మాట సాయంత్రానికి మోటార్ల షెడ్డు దాకా పాకింది. ఎదూజీ ఇంటికొచ్చి పెళ్లాన్ని కొత్తగా చూసినట్టు చూశాడు.

పెద్ద పిల్లల చేతికి గిన్నె ఇస్తే పని అయిపోతుంది. రెండేళ్లవాళ్లతో అలా కాదు. గిన్నె చూస్తే బిగపడతారు, గిన్నె తీస్తే వదిలేస్తారు. కొబ్బరినీళ్లు తాగించి, అరగంట ఆగి, పెదాలు చిన్నగా చేసి ష్ష్ అని పలికిస్తే కొందరు పోసేవారు. అరికాలికి చల్లటి నీళ్ల కుండ తాకిస్తే ఇంకొందరు. కొందరి సంగతి తల్లుల వీపుకు మాత్రమే తెలుసు. వీపున కట్టుకున్న బిడ్డ కుడికాలు రెండుసార్లు తన్నిందంటే తల్లి పరుగెత్తుకొచ్చేది. అకోర్ఫా గిన్నెతో ఎదురెళ్లేది. సగంసార్లు చేతుల మీదే పడేది.

పేర్లు రాయబోతే ఇంకో చిక్కు వచ్చింది. పుట్టిన వారాన్ని బట్టి పిలిచే ఊళ్లో మంగళవారం పుట్టిన కోమ్లాలు అయిదుగురు, గురువారం పుట్టిన యావాలు నలుగురు తేలారు. బడి పేర్లు ఇంకా పెట్టని వయసు. తండ్రి పేరు రాద్దామంటే ఇద్దరు కోమ్లాల తండ్రులూ కోఫీలే. "ఏ యావా?" అని అడిగితే ఆడవాళ్లు చెప్పే జవాబు ఒకటే. "బేసిన్ యావా కాదు, ఇంటి యావా, అమ్మమ్మ దగ్గరుంటుందే, ఆ పిల్ల." అకోర్ఫాకు ఆ పద్ధతే నచ్చింది. గట్టున తల్లితో ఉండే పిల్ల పేరు పక్కన బేసిన్ అనీ, ఇంట్లో ముసలివాళ్ల దగ్గరుండే పిల్ల పేరు పక్కన ఇల్లు అనీ రాసింది. కలిసిపోయే పేర్లకే కాకుండా, చూడ్డానికి ఒక తీరుగా ఉంటుందని అందరికీ రాసింది.

మొదటి రోజు పదకొండు కాగితాలు అయ్యాయి. సెనాది వాటిల్లోనే ఉంది. వాటిని దోమతెర కప్పిన బుట్టలో, ఎండ తగలకుండా, చిన్న చేపలు పరిచినట్టు పరిచింది. అన్నం ముందు కూర్చుని అందరూ ఆకులో చుట్టిన జొన్నపిండి ముద్దను బెండకాయ పులుసులో ముంచుకుంటున్నారు. అబ్లాకు ఆ రోజు మనసు కాస్త మెత్తబడినట్టుంది.

"ఎంత మొద్దుదానివే. ఆ గిన్నెలకి ప్లాస్టిక్ కంపు. కొత్త గిన్నె కడక్కుండా బిడ్డల కింద పెడతారా ఎవరైనా? పొద్దున నువ్వు కొబ్బరికాయలకి వెళ్లినప్పుడు పైన ఉన్న డజను గిన్నెలూ నేనే కడిగి బోర్లించాను."

అకోర్ఫా చెయ్యి పులుసులోనే ఆగిపోయింది. "ఎక్కడ కడిగారత్తయ్యా?"

"ఎక్కడ కడుగుతారు? నదిలో."

ఆ ఊళ్లో శుభ్రమంటే నదిలో ముంచి తీయడమే. ఆమె అన్నది తప్పని ఎవరూ అనలేరు. అకోర్ఫా లేచి బుట్ట దగ్గరకు వెళ్లింది. ఆ పదకొండు కాగితాలూ తెల్లగా, పొడిగా, ఏ దోషమూ ఎరగనట్టు ఉన్నాయి. సంచిలో వేసి పంపితే ఎలికెమ్‌కి ఎప్పటికీ తెలియదు. సెనా కాగితం జబ్బు ఉందనే చెబుతుంది. మందు వస్తుంది. ఆమెకు కావలసింది అదే కదా. కాసేపు నిలబడింది.

కానీ ఆ కాగితం ఉందని చెప్పినా అది నది మాటో బిడ్డ మాటో తనకే తెలియదు. రేపు మందు తాగించాక, తగ్గిందా లేదా అన్నదీ తెలియదు. ఆమె పదకొండింటినీ పొయ్యిలో వేసింది. మిగిలిన కడిగిన గిన్నెను కూడా పక్కన పెట్టేసింది.

"శుభ్రం చేస్తే తప్పయిందా?" అబ్లా గొంతు పెరిగింది.

"తప్పు కాదత్తయ్యా. కాగితాలు ఇరవైతొమ్మిదే మిగిలాయి, అంతే."

"అమ్మా," అన్నాడు ఎదూజీ, అన్నం మీంచి తల ఎత్తకుండా, "మోటారులో నీళ్లు పోసి కడిగితే శుభ్రమవుతుంది. తిరగదు."

అబ్లా వాడి నెత్తి మీద ఒకటి వేసింది. కానీ ఆ తర్వాత గిన్నెల జోలికి పోలేదు. మర్నాటి నుంచి గిన్నెల సంచి దగ్గర తానే కాపలా కూర్చుని, చెయ్యి పెట్టినవాళ్లందరినీ తిట్టింది.

ఇరవైతొమ్మిది కాగితాలు వారంలో పూర్తయ్యాయి. సెనాది మళ్లీ తీసింది. వాటిని సంచుల్లో వేసి, ఎదూజీ ట్రోట్రో వ్యాను డ్రైవరు చేతికిచ్చి, "కొడుకు పెళ్లి బట్టల్లా చూసుకో" అని చెప్పి రాజధానికి పంపాడు. తర్వాత మూడు వారాలు అకోర్ఫాకు నీళ్లలో ఊపిరి నిలవలేదు. కంకి సగం ఒలిచేసరికే తేలేది. బేసిన్‌లో సెనా బుర్రతో నీళ్లు పోసుకుంటూ కూర్చుని ఉండేది, ఆడటం మాత్రం మానేసింది.

ఎలికెమ్ ఫోన్ చెయ్యలేదు, స్వయంగా వచ్చింది. ఆరోగ్య కేంద్రం వరండాలో గామెలీ స్టూలు మీద, అబ్లా బల్ల మీద, అకోర్ఫా కింద పిల్లతో కూర్చున్నారు.

"సెనాకి ఉందక్కా" అంది ఎలికెమ్ ముందుగా. "అనుమానం లేదు. రెండుసార్లు చేశాం."

అకోర్ఫా పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. నెలల తరబడి చీకట్లో తడుముతున్న చేతికి చివరకు గుల్ల అంచు తగిలినట్టయింది.

"నాకు కనపడలేదే" అన్నాడు గామెలీ, తనలో తాను.

"మీకు కనపడేటన్ని లేవు పెద్దాయనా. మీ కళ్ల తప్పు కాదు. ఇంకో సంగతి ఉంది. ఇది మేం కనిపెట్టింది కాదు, అక్కే కనిపెట్టింది." ఎలికెమ్ కాగితం మడత విప్పింది. "నేను పేర్లు మాత్రమే రాయమన్నాను. అక్క ప్రతి పేరు పక్కనా బేసిన్ అనో ఇల్లు అనో రాసింది. అదేంటో నాకు అర్థం కాలేదు. కానీ అట్టా విడదీసి చూస్తే, ఇల్లు అని రాసినవాళ్లు పన్నెండు మంది. వాళ్లలో ఒక్కరికే ఉంది. బేసిన్ అని రాసినవాళ్లు పదిహేడు మంది. వాళ్లలో పద్నాలుగురికి ఉంది. ఈ బేసిన్ అంటే ఏంటి?"

అకోర్ఫాకు అర్థమైపోయింది. నడినెత్తి ఎండలో, నాచు పక్కన ముంచిన నది నీళ్లు. గోరువెచ్చగా ఉంటాయని ప్రేమగా పోసిన నీళ్లు. రోజుకు రెండు గంటలు బొడ్డు దాకా. నదిలోకి దింపలేదు. నదినే తెచ్చి బిడ్డ చుట్టూ పోసింది, తన చేతులతో. ఆమె ఆ సంగతి నెమ్మదిగా, అత్త మొహం వైపు చూడకుండా చెప్పింది.

"అయ్యో" అంది ఎలికెమ్. "ఎండెక్కేకొద్దీ నత్తలు ఎక్కువ పురుగుల్ని వదులుతాయి. మీరు ముంచేది సరిగ్గా ఆ వేళకే."

అబ్లా బల్ల మీంచి ముందుకు వంగింది. "ఆ బేసిన్ వాడు పోయిన నెలలో కొన్నాను."

"తెలుసత్తయ్యా."

"తర్వాత ఈ ఊళ్లో ఒక్కడు మునిగాడా?"

"ఒక్కరూ లేరు. ఇవాళ నాతో మునుగుతున్న ఆడవాళ్లలో సగం మంది మీ బేసిన్‌లో కూర్చుని బతికినవాళ్లే." అకోర్ఫా జరిగి అత్త కాళ్ల దగ్గర కూర్చుంది. "నేనూ అదే చేశాను. బేసిన్‌ది తప్పు లేదు. నీళ్లది. నీళ్లు మార్చుకుందాం."

"నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తావే? గట్టున కుళాయి ఉందా?"

"ఆ నీళ్లే పనికొస్తాయి" అంది ఎలికెమ్. "మనిషి ఒళ్లు దొరక్కపోతే ఆ పురుగు పిల్లలు రెండు రోజులకు మించి బతకవు. నీళ్లు ముంచి, నత్తలు రాకుండా గుడ్డతో వడకట్టి, మూతపెట్టి రెండు పూర్తి రోజులు నిలవ ఉంచండి. మూడో రోజు పోయండి."

అబ్లా మొహంలో ఏదో కదిలింది. "తిండి దొరక్క మాడి చస్తాయన్నమాట" అంది. "ముప్పై ఏళ్లు. ఒక దారి మూస్తే ఇంకో దారిన వచ్చిందన్నమాట నది." లేచి నిలబడి చీర బిగించినట్టు నడుముకు గుడ్డ బిగించుకుంది. "దాని సంగతి నేను చూస్తా."

చూసింది కూడా. మర్నాడు తెల్లవారేసరికి గట్టున మూడు నీలిరంగు పీపాలు నిలబడ్డాయి. ఏ పీపా ఏ రోజు నింపారో దాని మీద గుల్లసున్నంతో గుర్తు. నింపిన రోజే ముంచబోయిన ఒక పడుచు తల్లిని అబ్లా నీళ్లలోంచే కేకేసి ఆపింది. "ఏమే, నీ బిడ్డ చుట్టూ నది పోస్తావా? ఆ గుర్తు చదవడం రాకపోతే మా కోడల్ని అడుగు, చదువుకున్నది." ఆ 'చదువుకున్నది' అన్న మాట ఆ ఇంట్లో అయిదేళ్లలో మొదటిసారి తిట్టులా కాకుండా వినపడింది.

జిల్లా డాక్టరు పదిహేనుమంది పిల్లల్నీ తూకం వేయించి, బరువుకు తగ్గట్టు మాత్రలు ఇచ్చాడు. మాత్రను నలిపితే వీధి చివరి దాకా తెలిసేంత చేదు. తియ్యటి మొక్కజొన్న గంజిలో కలిపితే సెనా డాక్టరు చొక్కా మీద ఉమ్మింది. మళ్లీ ఇచ్చిన మాత్రను అబ్లా తన చేతిలోకి తీసుకుంది. వేరుశనగ ముద్దలో దాచి, ముందు ఉత్త ముద్ద ఒకటి తాను తిని, రెండోది పిల్లకు పెట్టింది. "మేం నానమ్మలం మందులు ఇట్టా పెడతాం డాక్టరు గారూ, రాసుకోండి" అంది. ఆయన నిజంగానే రాసుకున్నాడు. గామెలీ పక్కన నిలబడి ప్రతి పిల్ల పేరు పక్కనా బేసిన్ అనో ఇల్లు అనో రాశాడు, ఎవరూ చెప్పకుండానే. తర్వాత ఎలికెమ్ దగ్గర కాగితంలోంచి ఒంటేలు నెట్టడం నేర్చుకున్నాడు. మొదటి మూడు కాగితాలూ చింపాడు.

పదిహేను రోజులకు సెనా బేసిన్‌లోంచి లేచి పక్క బేసిన్ కోమ్లాను కొట్టింది. అకోర్ఫా నీళ్లలోంచి అది చూసి, కొట్టినందుకు తిట్టడం మరిచిపోయింది.

అయినా అసలు మాట తేలడానికి మూడు నెలలు ఆగాలి. చచ్చిన పురుగు తునకలు కూడా కొన్నాళ్లు ఒంటేల్లో వస్తాయట. మూడు నెలలు గడిచాక అకోర్ఫా పదిహేనుమందివీ మళ్లీ తీసింది. ఈసారి ఆమెకు గిన్నె పట్టుకుని ఎదురెళ్లనవసరం లేకపోయింది. తల్లులే పరుగెత్తుకొచ్చారు.

ఫోన్ వచ్చిన పూట ఆమె సొగకోపే వంతెన దగ్గర అమ్ముతోంది. నెత్తి మీద పళ్లెంలో వేయించి పుల్లకు గుచ్చిన గుల్లల మాంసం. వంతెన సుంకం దగ్గర ట్రోట్రోలు ఆగగానే కిటికీల వెంట పరుగు. ఒక కిటికీలోంచి బట్టతల ఆయన అయిదు సెడీలకు ఎన్ని పుల్లలని బేరం పెట్టాడు. నడుముకు చుట్టిన గుడ్డలో ఫోన్ మోగింది.

"అక్కా, సెనా కాగితంలో ఏమీ లేదు" అంది ఎలికెమ్. "రెండుసార్లు చేశాం. తెల్లగా ఉంది. పదిహేనుమందిలో పదమూడుమందివి తెల్లగానే ఉన్నాయి, మిగతా ఇద్దరికీ ఇంకో మోతాదు పంపుతున్నాం. ఇంకోటి వినండి. జిల్లావాళ్లు కిందటి వారం కూర్చున్నారు. వచ్చే ఏడు నుంచి నది పక్కన ఉన్న ఎనిమిది ఊళ్లలో రెండేళ్ల పిల్లల దగ్గర్నుంచి చూస్తారట. కాగితాలు తీసే పని నేర్పడానికి మనిషి కావాలన్నారు, జీతంతో. నేను మీ పేరు ఇచ్చాను. ఇవ్వకూడదా?"

అకోర్ఫా జవాబు చెప్పబోయింది. నది అడుగున కంకి పూర్తయ్యేదాకా ఊపిరి పట్టగల మనిషి నడిరోడ్డు మీద నిలబడి గాలి కోసం నోరు తెరిచింది.

"ఏమ్మా," అన్నాడు బట్టతల ఆయన కిటికీలోంచి, "అమ్ముతున్నావా, ఏడుస్తున్నావా?"

"రెండూనండి" అంది అకోర్ఫా. కళ్లు తుడుచుకోకుండానే పళ్లెం కిటికీకి ఆనించింది. "మా మూడేళ్ల పాపకి జబ్బు పోయింది. తీసుకోండి, తలా ఒకటి తీసుకోండి. డబ్బులు రేపు వచ్చే బండిలో వాళ్లని అడుగుతాలే."

వ్యానులో నవ్వులు లేచాయి. చేతులు చాచారు. వెనక సీటు ముసలామె పుల్ల అందుకుని, "ఏ జబ్బే తల్లీ?" అని అడిగింది.

"రక్తపు ఒంటేలు."

"మూడేళ్ల పిల్లకా? దానికుందని నీకెట్టా తెలిసింది?"

సుంకం గేటు లేచింది. డ్రైవరు గేరు వేశాడు. అకోర్ఫా ఖాళీ పళ్లెం చంకన పెట్టుకుని బండి పక్కన పరుగెత్తుతూ, నది అడుగునుంచి గుల్లను తెచ్చినట్టు పైకి తెచ్చుకున్న గొంతుతో, వంతెన మీదకు ఎక్కేదాకా ఆ ముసలామెకు కాగితం సంగతి చెబుతూనే ఉంది.